పొయ్యి మీంచి దించాకే ఆవ

విశాఖ పూర్ణా మార్కెట్లోనూ, రైతుబజార్ల బయటా వేసవి ముదరకముందే పనసపొట్టు అమ్మకానికొస్తుంది. లేత పనసకాయకి చెక్కు తీసి, పీట మీద పెట్టి, కత్తితో సన్నగా కొట్టి కుప్ప పోస్తారు. కొట్టేవాళ్లు చేతికీ కత్తికీ నూనె రాసుకుంటారు. లేకపోతే పనసపాలు పట్టుకుని ఒక పట్టాన వదలవు. ఆ జిగురు నీళ్లకి లొంగదు, నూనెకి లొంగుతుంది. పొట్టు ఇంటికొచ్చాక చేసే కూర గురించి ఉత్తరాంధ్రలో పెద్ద చర్చ ఉండదు. ఆవ పెట్టి చెయ్యడమే.

పొట్టులో పసుపూ ఉప్పూ వేసి ఉడికించి, వార్చి, నీళ్లు పిండేస్తారు. మూకుట్లో నూనె కాగాక శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు, ఇంట్లో ఉంటే గుప్పెడు జీడిపప్పు వేస్తారు. పోపు వేగాక చింతపండు పులుసు పోసి, అది దగ్గరపడ్డాక పొట్టు వేసి మగ్గనిస్తారు. కొందరు చిన్న బెల్లం ముక్క వేస్తారు, కొందరికి ఆ మాటే గిట్టదు. ఇంతవరకూ ఇంటికో పద్ధతి ఉన్నా, ఆఖరి మెట్టు దగ్గర అందరూ ఒక్కటవుతారు. నూరి పెట్టుకున్న ఆవముద్దని కూర పొయ్యి మీద ఉండగా కలపరు. దించి, వేడి తగ్గాక, పచ్చినూనె చుక్కతో కలుపుతారు.

బెంగుళూరు నుంచి ఫోన్ చేసిన కూతురికి తల్లి చెప్పే మాట కూడా ఇదే: “చల్లారనీ, అప్పుడు పెడుదువు గాని.” ఎందుకమ్మా అని అడిగితే “చేదెక్కుతుందే” అంటుంది. పక్కింటి పిన్నిగారిని అడిగితే “ఘాటు చచ్చిపోతుందమ్మా” అంటారు. ఇద్దరి మాటా నిజమే, రెండింటికీ కారణం ఒకటే. ఆ కారణం ఆవగింజ లోపలే ఉంది. ఇడ్లీపిండి పులియడం గురించి, చద్దన్నం గురించి మన విజ్ఞాన వ్యాసాల్లో చాలా వస్తుంది. నా మటుకు, వంటింట్లో దొరికే ఎంజైము పాఠాల్లో ఆవని మించింది లేదు.

ఆ కూరలో ఆవాలు రెండుసార్లు పడ్డాయన్న సంగతి ముందు గమనించాలి. పోపులో వేసిన ఆవాలు కాగిన నూనెలో చిటపటలాడి బూడిదరంగుకి తిరిగాయి. వాటిని నమిలితే కమ్మగా, గింజ వాసనతో ఉంటాయి గాని ముక్కుకి ఏమీ అంటదు. చివర్న పెట్టిన ముద్దలో ఉన్నవీ అవే ఆవాలు, అదే డబ్బాలోంచి తీసినవి. అవి మాత్రం నోట్లో పెట్టుకోగానే ముక్కుపుటాల్లోంచి నడినెత్తికి ఎక్కుతాయి. గింజ ఒకటే. నిప్పు ముందా, నీళ్లు ముందా అన్నదాన్ని బట్టి రెండు వేర్వేరు దినుసులైపోయింది.

ఒక ఆవగింజని నాలుక మీద పెట్టుకుని కొరక్కుండా ఉంచండి. రుచీ వాసనా ఏమీ ఉండవు. పొడిగా ఉన్న ఆవపిండిని ముక్కు దగ్గర పెట్టుకున్నా పెద్దగా ఏమీ తెలియదు. అందులో రెండు చెంచాల చన్నీళ్లు పోసి కలిపి ఐదారు నిమిషాలాగి వాసన చూడండి, కళ్లలో నీళ్లొస్తాయి. అంటే ఆవగింజలో ఘాటు ముందే తయారై కూర్చుని లేదు. గింజ పగిలి, నీరు తగిలాకే అది పుడుతుంది.

గింజలో రెండు పదార్థాలు విడివిడి కణాల్లో ఉంటాయి. ఒకటి గ్లూకోసినొలేట్ల కుటుంబానికి చెందిన సినిగ్రిన్. ఇందులో గంధకం ఉంటుంది, చక్కెర ముక్క ఒకటి అతుక్కుని ఉంటుంది, రుచికి చేదు. రెండోది మైరోసినేస్ అనే ఎంజైము. గింజ చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఈ రెండూ కలవవు. నూరినప్పుడు కణాల గోడలు బద్దలవుతాయి, నీరు రెండింటినీ ఒకచోట చేరుస్తుంది. మైరోసినేస్ వెంటనే సినిగ్రిన్‌కి అతుక్కున్న చక్కెరని తెంపేస్తుంది. మిగిలిన భాగం నిలకడలేనిది. తనంతట తానే అమరిక మార్చుకుని అల్లైల్ ఐసోథయోసైనేట్ అవుతుంది. ఆవ ఘాటు అంటే ముఖ్యంగా ఇదే. మన దేశపు ఆవాల్లో సినిగ్రిన్‌తో పాటు గ్లూకోనాపిన్ అనే దాని చుట్టం కూడా దండిగా ఉంటుంది. దాని నుంచి కూడా ఇదే తరహా ఘాటుద్రవ్యం పుడుతుంది. ఆవాల్లో ఘాటు పుట్టించే ప్రొటీను ఒకటుందని ఫ్రెంచి రసాయనవేత్త బుస్సీ 1840లో గుర్తించి దానికి మైరోసిన్ అని పేరు పెట్టాడు. ఎంజైము అన్న పేరు లోకంలోకి రావడానికి ఇంకా ముప్ఫై ఏళ్లకు పైగా పట్టింది.

మొక్క ఈ ఏర్పాటు చేసుకున్నది మన కూర కోసం కాదు. ఆకునో గింజనో పురుగు కొరికిన క్షణాన దాని నోట్లోనే ఘాటు పుడుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని ముద్దుగా ఆవబాంబు అంటారు. దీనికి విరుగుడు కనిపెట్టుకున్న పురుగులూ ఉన్నాయి. ఆవ పైరునీ క్యాబేజీనీ పట్టే కొన్ని రకాల పేనుబంక మొక్కలోని గ్లూకోసినొలేట్లని పీల్చి తన ఒంట్లో దాచుకుంటుంది, మైరోసినేస్‌ని సొంతంగా తయారుచేసుకుంటుంది. దాన్ని నమిలిన పురుగుకి మళ్లీ అదే శాస్తి. మనిషి మాత్రం ఆ శాస్తిని వెల ఇచ్చి కొనుక్కుని అన్నంలో కలుపుకుంటున్నాడు.

ఇప్పుడు పొయ్యి సంగతి. ఎంజైములు దాదాపుగా అన్నీ ప్రొటీన్లే. వేడికి వాటి మడతలు విడిపోతాయి, విడిపోయాక పనిచెయ్యవు. తడిలో ఉన్న మైరోసినేస్ 60 డిగ్రీలు దాటితే నీరసపడుతుంది. 70, 80 దగ్గరికొచ్చేసరికి త్వరగా చచ్చిపోతుంది. పొయ్యి మీద కుతకుతలాడుతున్న కూర 100 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అప్పుడే నూరిన ముద్దని అందులో వేస్తే ఎంజైము తన పని పూర్తిచెయ్యకుండానే పోతుంది. విరగని సినిగ్రిన్ విరగకుండానే మిగులుతుంది, అది చేదు. అమ్మ చెప్పిన చేదు ఇదే. అప్పటికే పుట్టిన ఘాటు కూడా నిలవదు. అల్లైల్ ఐసోథయోసైనేట్ ఎగిరిపోయే గుణమున్న చిన్న అణువు, మరుగుతున్న నీటి ఆవిరితో పాటు కిటికీలోంచి వెళ్లిపోతుంది. పిన్నిగారు చెప్పింది ఇది. నమ్మకం కుదరకపోతే రెండు గిన్నెల్లో చెంచాడు చెంచాడు ఆవపిండి వేసి, ఒకదాంట్లో చన్నీళ్లు, రెండోదాంట్లో సలసల కాగే నీళ్లు పొయ్యండి. పది నిమిషాల తర్వాత రుచి చూస్తే మొదటిది దగ్గిస్తుంది. రెండోది చప్పగా, చేదుగా ఉంటుంది. ఇక దానికి ఘాటు తెప్పించడం ఎవరి తరమూ కాదు.

ఉక్కునగరం వాళ్లకి ఈ కథ కొంచెం విడ్డూరంగా ఉండాలి. విశాఖ ఉక్కు కర్మాగారంలో మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. వాటిలోంచి కారే ద్రవ ఇనుము వేడి దాదాపు 1,500 డిగ్రీలు. అక్కడ వేడి లేకపోతే పని జరగదు. టౌన్‌షిప్ క్వార్టర్లలో పనసపొట్టు కూర దగ్గర మాత్రం, అసలు రసాయన చర్యకి వేడే శత్రువు. వంటలో ముఖ్యమైన ఘట్టం స్టవ్వు కట్టేశాక మొదలవుతుంది. ఫర్నేసుకి అన్నపూర్ణ అని పేరు పెట్టినాయన భోజనప్రియుడే అయ్యుంటాడని నా అనుమానం.

పోపులో ఏం జరుగుతుందో కూడా చూద్దాం. ఎండిన ఆవగింజలో కూడా కొద్దిపాటి తేమ ఉంటుంది. కాగిన నూనెలో పడగానే అది ఆవిరై గింజని పగలగొడుతుంది. ఆ చిటపటలు అవే. అంత వేడికి మైరోసినేస్ బతకదు, కలిసే నీరూ ఉండదు. అందుకని ఘాటు పుట్టదు. దానికి బదులు గింజలోని ప్రొటీన్లూ చక్కెరలూ వేగి వేరే కమ్మటి వాసనలిస్తాయి. వేగిన వేరుశనగలోనో కాఫీగింజలోనో వచ్చే వాసనల కోవకి చెందినవి అవి. కాబట్టి పోపులో ఆవాలు ఎక్కువ పడ్డా ఎవరికీ దగ్గు రాదు. పోపు పెట్టేటప్పుడు వచ్చే దగ్గు మిరపకాయల చలవ.

ఆవ నూరే పద్ధతిలో ఇళ్లల్లో పాటించే చిన్నచిన్న జాగ్రత్తలన్నిటికీ దాదాపుగా ఇక్కడ సమాధానం దొరుకుతుంది. ఆవాలని కాసేపు నానబెట్టి, ఎండుమిరపకాయ, ఉప్పు, కొందరైతే చిటికెడు బియ్యం చేర్చి, చన్నీళ్లతో రోట్లో నూరతారు. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పాలి, ఎక్కువసేపు తిప్పితే జారు వేడెక్కుతుంది. నూరగానే కూరలో కలిపెయ్యకుండా ఐదు పది నిమిషాలు పక్కన పెట్టడం మంచిది. ఎంజైముకి ఆ మాత్రం వ్యవధి కావాలి. చింతపండు కలిసిన పుల్లటి కూరలో పడ్డాక దాని వేగం తగ్గిపోతుంది, ఎందుకంటే మరీ పులుపు దానికి పడదు. అంచేత ముందు నీళ్లతో నూరడం, తర్వాత పులుపులో కలపడం సరైన వరస. నిమ్మరసంలో నేరుగా నూరితే ఘాటు తక్కువగా పుడుతుంది. ఒకసారి పుట్టిన ఘాటు మాత్రం పులుపులో ఎక్కువసేపు నిలుస్తుంది. ఐరోపావాళ్లు సీసాల్లో అమ్మే మస్టర్డ్‌లో వెనిగర్ ఉండేది కొంత ఇందుకే.

పచ్చినూనె ఎందుకంటే, ఐసోథయోసైనేట్ నీళ్లలో అంతంతమాత్రంగా, నూనెలో బాగా కరుగుతుంది. కలిపేటప్పుడు వేసిన పప్పునూనె ఘాటుని గాలిలోకి పోనీకుండా పట్టి ఉంచుతుంది. ఆవగింజలో మూడోవంతుకి పైగా నూనే ఉంటుంది గనక కొంత పని అదీ చేస్తుంది. పెరుగుతో చేసే అరటిదవ్వ ఆవపచ్చడిలో ఘాటు మెత్తబడినట్టుండటానికి కారణం పెరుగులోని కొవ్వు, ప్రొటీన్లు. కొవ్వు ఆ ద్రవ్యాన్ని తనలో ఉంచేసుకుంటుంది, ప్రొటీన్లు కొంత దానితో కలిసిపోతాయి.

ఇనుము గురించి ఒక మాట, ఉక్కునగరం గనక. పరిసరాల్లో ఇనుప అయాన్లు ఉంటే, విరిగిన సినిగ్రిన్‌లో కొంత ఘాటు దారి వదిలేసి నైట్రైల్ అనే పదార్థంగా మారుతుందని ప్రయోగశాలల్లో తేలింది. నైట్రైల్‌కి ముక్కుని అంటే గుణం లేదు. చింతపండు పులుసు ఇనుప మూకుడు నుంచి ఇనుముని లాగుతుందని మనకు తెలుసు. రెండూ కలిపి చూస్తే, కూరని మూకుట్లోనే ఉంచి ఆవ కలపకుండా రాచ్చిప్పలోకో పింగాణీ గిన్నెలోకో తీసి కలపడం మేలని నా అభిప్రాయం. పాతకాలం వాళ్లు పులుసుకి రాచ్చిప్ప వాడింది రుచి కోసమే కదా.

క్యాబేజీకి కూడా ఆవ పెట్టి కూర చేస్తారు. దాన్ని పనసపొట్టు కూరకి బీదచుట్టంలా చూస్తాం గాని, రసాయనశాస్త్రం ప్రకారం ఈ జోడీ ఇంకా గట్టిది. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, బ్రోకలీ అన్నీ ఆవ కుటుంబమే. క్యాబేజీలోనూ సినిగ్రిన్ ఉంటుంది, దాని సొంత మైరోసినేసూ ఉంటుంది. ఉడికించగానే ఎంజైము చస్తుంది, గ్లూకోసినొలేట్లలో కొంత భాగం అలాగే మిగులుతుంది. చల్లారాక పచ్చి ఆవముద్ద కలిపితే, ఆవగింజ ఎంజైము క్యాబేజీలో మిగిలిపోయినవాటి మీద కూడా పనిచేస్తుంది. ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఉడికిన బ్రోకలీతో ఈ కిటుకు పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. 200 గ్రాముల ఉడికిన బ్రోకలీ మీద ఒక గ్రాము ఆవపొడి చల్లి తిన్నవాళ్ల ఒంట్లోకి సల్ఫొరాఫేన్ నాలుగు రెట్లకు పైగా చేరింది. సల్ఫొరాఫేన్ మేలుచేసే పదార్థమని పరిశోధకులు చాలాకాలంగా దాని మీద దృష్టి పెట్టారు. క్యాబేజీ ఆవకూర చేసే ఇళ్లల్లో ఆ ఏర్పాటు ముందునుంచే ఉంది, కొలత వెయ్యలేదంతే.

ఇంత చిన్న అణువుకి ముక్కు ఎందుకంత ఉలిక్కిపడుతుంది? మిరపకారం నోటినీ నాలుకనీ మండిస్తుంది గాని ముక్కుకి ఎక్కదు. మిరపలోని క్యాప్సైసిన్ గాలిలోకి తేలికగా ఎగరదు. ఆవ ఘాటు ఎగురుతుంది. నోట్లో ముద్ద పడగానే ఆ ఆవిరి గొంతు వెనక నుంచి ముక్కులోకి చేరుతుంది. అక్కడి నరాల చివర్లలో టీఆర్‌పీఏ1 అనే ప్రొటీను ద్వారం ఉంటుంది. ఐసోథయోసైనేట్ దానికి రసాయనికంగా అతుక్కుని తెరిపిస్తుంది, నరం మెదడుకి ప్రమాదమని కబురు పంపుతుంది. అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో మిరపకారానికి స్పందించే టీఆర్‌పీవీ1ని పట్టుకుంది. అది 43 డిగ్రీల వేడికీ తెరుచుకుంటుంది, అందుకే కారం మనకి మంటలా అనిపిస్తుంది. 2004లో జూలియస్ బృందమూ, ఆర్డెమ్ పటపూటియన్ బృందమూ ఆవ ఘాటు టీఆర్‌పీఏ1 ద్వారా పనిచేస్తుందని చూపించాయి. వెల్లుల్లి, దాల్చినచెక్కల ఘాటు కూడా ఆ ద్వారం నుంచే. వేడినీ స్పర్శనీ ఒళ్లు ఎలా గుర్తిస్తుందో తేల్చినందుకు ఆ ఇద్దరికీ 2021లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది.

కారం పది నిమిషాలు వేధిస్తుంది. ఆవ ఒక్కసారి జాడించి అరనిమిషంలో సర్దుకుంటుంది. ఆవిరి కదా, ఊపిరితో పాటు బయటికి పోతుంది. కొత్తవాళ్లు ఆవ ఎక్కగానే మంచినీళ్ల గ్లాసు వెతుకుతారు, దానివల్ల ఒరిగేది తక్కువ. ముక్కుతో గాలి పీల్చి నోటితో వదిలితే త్వరగా తేరుకుంటారు.

ఈ ఘాటుని వంటలో వాడుకోవడం మన ఒక్కరి విద్య కాదు. విశాఖకి వచ్చే యాత్రికుల్లో బెంగాలీలు చాలామంది, వాళ్ల భోజనం పెట్టే హోటళ్లూ నగరంలో ఉన్నాయి. వాళ్లు ఆవాలని పచ్చిమిరపకాయా ఉప్పూ చేర్చి నూరతారు. పచ్చిమిరపలో విటమిన్ సి దండిగా ఉంటుంది, అది కొద్ది మోతాదులో మైరోసినేస్ పనిని చురుకెక్కిస్తుందని రసాయనవేత్తలకి తెలిసిన విషయమే. బెంగాల్లో కాసుంది అనే ఆవ పచ్చడికి సంప్రదాయంగా ముహూర్తం అక్షయ తృతీయ. ఆ రోజు సింహాచలంలో చందనోత్సవం, ఏడాదికోసారి అప్పన్న నిజరూప దర్శనం. అక్కడ వాళ్లు ఆవాలు కడిగి ఎండబెట్టే వేళకి ఇక్కడ మనవాళ్లు కొండమీద క్యూలో ఉంటారు, ఇళ్లల్లో ఆవకాయ జాడీలు ఎండుతుంటాయి.

తూర్పుకి ఇంకా వెళ్తే జపాను. విశాఖ రేవుకీ జపానుకీ పాత చుట్టరికం ఉంది. బైలడిల్లా ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మీద దిగి, ఇక్కడ ఓడలెక్కి జపాను ఉక్కు కర్మాగారాలకి వెళ్లేది. పెద్ద ఓడల కోసమే 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది. ఆ దేశంలో పచ్చిచేపతో తినే వసాబీలో ఘాటు కూడా ముఖ్యంగా ఈ అల్లైల్ ఐసోథయోసైనేటే. వసాబీ దుంపని సొరచేప చర్మం అతికించిన పలక మీద అప్పటికప్పుడు అరగదీసి పెడతారు. ఎంత మెత్తగా అరిగితే అన్ని కణాలు పగులుతాయి, కాసేపు ఆలస్యమైతే వాసన పోతుంది. జపాను బయట వసాబీ పేరుతో దొరికే పచ్చముద్దలో చాలామటుకు గుర్రపుముల్లంగి, ఆవపిండి, రంగు. అంటే విశాఖ హోటల్లో సుషీ పక్కన పెట్టినది కూడా చాలాసార్లు మన ఆవకో దాని చుట్టానికో రంగు వేసిందే. వసాబీ ఆవిరితో నిద్రపోతున్నవాళ్లని లేపే అగ్నిప్రమాద అలారం తయారుచేసినందుకు జపాను పరిశోధకులకి 2011లో ఇగ్నోబెల్ బహుమతి వచ్చింది. గంట మోగినా వినపడని బధిరుల కోసమట. నవ్వించే బహుమతే గాని, ఆలోచన బాగుంది.

గింజ సంగతి ఇలా ఉంటే, అదే మొక్క ఆకునీ కాడనీ ఆసియా వంటిళ్లు వేరే రకంగా వాడుకున్నాయి. పంజాబులో సర్సోం కా సాగ్, నేపాల్లో పులియబెట్టి ఎండబెట్టిన గుంద్రుక్, కొరియాలో గాట్ కిమ్చీ, చైనాలో ఉబ్బిన కాడలతో ఊరబెట్టే ఝాత్సాయి, బర్మాలో పులిసిన ఆవాకు. మన కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో రంగూన్ నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు స్థిరపడ్డాయి గనక ఆ చివరి వంటకం పేరు అక్కడ పెద్దవాళ్లకి కొత్తేమీ కాదు. ఈ మొక్క పుట్టుక లెక్కని కొరియా మూలాలున్న వృక్షశాస్త్రజ్ఞుడు వూ జాంగ్ చున్ 1935లో తేల్చాడు. టర్నిప్ జాతిలో 20 క్రోమోజోములు, నల్లావాల్లో 16. ఎప్పుడో ఆ రెండూ కలిసి 36 క్రోమోజోముల మన ఆవమొక్క పుట్టింది. టోక్యోలో పుట్టి జపానులోనే పెరిగిన ఆయన 1950లో కొరియా వెళ్లి అక్కడ క్యాబేజీ, ముల్లంగి విత్తనాల మీద పనిచేశాడు. కిమ్చీ తినే దేశానికి అంతకన్నా ఏం కావాలి!

ఇక ఆవకాయ. ఆవ ఒక పూట కూర అయితే ఆవకాయ అదే రసాయనాన్ని ఏడాదికి సాగదీసిన పని. ఆవకాయకి ఆవాలు ఎండబెడతారు గాని వేయించరు. వేయిస్తే ఎంజైము పోతుంది. ఎండలో ఎండటం వల్ల దానికేమీ కాదు, పొడిగా ఉన్న ఎంజైము తడిదాని కంటే వేడికి బాగా ఓర్చుకుంటుంది. పైగా విశాఖలాంటి సముద్రపు ఊళ్లో గాలిలో తేమ ఎక్కువ. ఎండబెట్టని పిండి డబ్బాలోనే తేమ పీల్చుకుని కొంత ఘాటు ముందే పోగొట్టుకుంటుంది. ముక్కలు తుడవాలి, చేతికి తడి ఉండకూడదు, జాడీ ఎండాలి అని అంత చాదస్తం చేసే పచ్చడిలో మరి ఎంజైముకి నీళ్లెక్కడివి? మామిడిముక్క ఇస్తుంది. ఉప్పు ముక్కలోని రసాన్ని బయటికి లాగుతుంది. ఆ రసం ఆవపిండిని తడిపి ఘాటుని మెల్లిగా పుట్టిస్తుంది. మూడో రోజు జాడీ తెరిచి తిరగకలిపేటప్పుడు గుప్పుమనే వాసన అదే. అప్పటికి ఊట పైకి తేలి ఉంటుంది.

బయటి నీళ్లు మాత్రం పనికిరావు. అవి ఉప్పునీ పులుపునీ పలచన చేస్తాయి, బూజుని వెంట తెస్తాయి. ఆవకాయ నిలవకి కాపలాలు ఒకటి కాదు. పచ్చిమామిడి రసం పీహెచ్ 3 దరిదాపుల్లో ఉంటుంది. బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి పీహెచ్ 4.6కి దిగువన పెరగలేదు. నూనె కింద గాలి ఆడని చోట తయారయ్యే పచ్చడికి ఇది చాలా పెద్ద భద్రత. అందుకే పుల్లమామిడి కాక తీపికి తిరిగిన కాయ వెయ్యొద్దంటారు. ఉప్పు తేమని సూక్ష్మజీవులకి అందకుండా కట్టేస్తుంది. మన వైపు బెల్లం ఆవకాయలో అనకాపల్లి బెల్లం చేసే పనీ అదే. పైన తేలే నూనె గాలిని ఆపి బూజు రానివ్వదు. ఐసోథయోసైనేట్ స్వయంగా సూక్ష్మజీవులకి పడనిది, జపానులో భోజనం డబ్బాల మూతల కింద ఈ ఘాటు పట్టించిన పలచటి రేకులు వాడుతున్నారు కూడా. జాడీ పింగాణీదే ఎందుకుండాలో పై ఇనుము ముచ్చటే చెబుతుంది.

నెలలు గడిచేకొద్దీ కొత్తావకాయ ఘాటు తగ్గుతుంది. ఆ అణువు చురుకైనది, ఊరికే కూర్చోదు. కొంత ఎగిరిపోతుంది, కొంత నీటితోనూ ప్రొటీన్లతోనూ కలిసి వేరే పదార్థాలవుతుంది. దసరానాటికి జాడీ అడుగున ఉన్నది రుచికరమైన పచ్చడే గాని ముక్కుకి ఎక్కే పచ్చడి కాదు. నాకైతే ఆ ముదిరిన ఆవకాయే ఇష్టం, మా ఇంట్లో ఎక్కువమందికి మొదటి పదిరోజుల సరుకే కావాలి.

ఇన్ని ఆవాలు తినే మనం ఆవాలు పండించేది తక్కువ. దేశంలో ఎక్కువ పంట రాజస్థాన్‌ది. శీతాకాలంలో అరకు వెళ్లినవాళ్లు పచ్చటి పూలతోటల్లో ఫొటోలు దిగి ఆవతోట అని చెప్పుకుంటారు. అవి వలిసెలు, చామంతి కుటుంబం మొక్క, ఆవతో ఏ చుట్టరికమూ లేదు. ఆవాలు కొనేటప్పుడు ఇంకో మొక్క గింజని కూడా గుర్తుపట్టాలి. బ్రహ్మదండి గింజలు ఇంచుమించు ఆవాల్లాగే ఉంటాయి, కాస్త గరుకుగా ఉంటాయి. 1998లో ఢిల్లీలో ఆ నూనె కలిసిన ఆవనూనె తిని ఒళ్లు వాచిపోయి చాలామంది చనిపోయారు.

ఆవ పెట్టే ఇళ్లు ముందుముందు పట్టించుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. నూనె తీశాక మిగిలిన ఆవచెక్కని పశువులకీ కోళ్లకీ పెడతారు. గ్లూకోసినొలేట్లు ఎక్కువుంటే అవి సరిగా తినవు, తిన్నా వాటి ఒంటికి పడదు. అందుకని ఆ పదార్థాలు బాగా తగ్గించిన వంగడాలని మన వ్యవసాయ శాస్త్రజ్ఞులు తయారుచేస్తున్నారు. పూసా డబుల్ జీరో మస్టర్డ్ 31 అలాంటిదే. నూనెకీ దాణాకీ అది మంచి కబురు. అలాంటి గింజలు కిరాణా కొట్టుకొస్తే పోపులో యథాప్రకారం చిటపటలాడతాయి. వాటినే నూరి పనసపొట్టుకి పెడితే, ఎంత చల్లారనిచ్చినా ముక్కుకి ఏమీ తెలియదు. కొత్త ప్యాకెట్టు విప్పినప్పుడు ఒక చెంచాడు నూరి, చన్నీళ్లు కలిపి, పది నిమిషాలాగి వాసన చూసుకుంటే చాలు. కళ్లు చెమ్మగిల్లితే అవి ఆవకి పనికొస్తాయి, లేకపోతే పోపులపెట్టెలోకి.